గీజర్ మెకానిక్ పనితనం

గీజర్ ఆయుష్షు చాలావరకు దానిలోకి వచ్చే నీటి మీదే ఆధారపడుతుంది. పెద్దపల్లి జిల్లా సుల్తానాబాద్‌లో గానీ మరోచోట గానీ, కఠినమైన బోరు నీళ్లు వాడే ఇంట్లో గీజర్ విప్పితే కాయిల్ చుట్టూ తెల్లటి గార కనిపిస్తుంది. నీటిలోని కాల్షియం వేడికి కార్బొనేట్‌గా మారి పేరుకున్నదే అది. గార పట్టిన కాయిల్ తన వేడిని నీటికి సరిగా ఇవ్వలేక చివరికి కాలిపోతుంది.

మంచి మెకానిక్ ముందుగా మెయిన్ ఆపి, ట్యాంకు ఖాళీ చేసి, కాయిల్‌ను నిమ్మ ఉప్పు నీళ్లలో నానబెడతాడు. గీకి పైతొడుగు పాడుచేయడు. తర్వాత మెగ్నీషియం కడ్డీ చూస్తాడు. ఇనుము కంటే ముందు మెగ్నీషియమే తినుకుపోతుంది కాబట్టి, కడ్డీ ఉన్నంతకాలం ట్యాంకుకు రక్ష. 1824లో హంఫ్రీ డేవీ ఓడల రాగి రేకులను కాపాడటానికి ప్రతిపాదించిన సూత్రమే ఇది. ఈ కడ్డీ ఒకటుందని చాలా ఇళ్లలో తెలియదు, ఎవరూ అడగరు. అడగకపోయినా చూసేవాడే పనిమంతుడు.

గాస్కెట్ మార్చి, సేఫ్టీ వాల్వ్ పరీక్షించి, థర్మోస్టాట్‌ను 60 డిగ్రీలు దాటనివ్వడు. వేడి పెరిగేకొద్దీ గార జోరందుకుంటుంది. ట్యాంకు నిండాకే స్విచ్ వేస్తాడు. బోరు నీళ్లు వాడేవాళ్లు ఏటా చలికాలానికి ముందే ఈ సర్వీసు చేయించుకోవాలి.