ముగ్గురు పిల్లల భయము

బిడ్డ జడిసి తల్లి కొంగు పట్టుకొనినప్పుడు, వీడెందుకు భయపడుచున్నాడని మనమడుగుదుము. మనస్తత్వ శాస్త్రజ్ఞులును ఈ ప్రశ్ననే వేసిరి. అయితే ఒక్కొక్క మతమువారు ఒక్కొక్క జవాబు చెప్పిరి. ముగ్గురు పిల్లలను గూర్చి వారు వ్రాసిన మూడు నివేదికలను ప్రక్కప్రక్కన పెట్టి చదివినయెడల, ఏ మతము ఎక్కడ బలహీనమో తెలియును.

మొదటిది 1909లో ఫ్రాయిడు ప్రచురించినది. వియన్నాలో హాన్స్ అను అయిదేండ్ల బాలుడు గుఱ్ఱములకు జడిసి వీధిలోనికి పోనొల్లకుండెను. గుఱ్ఱమనగా తండ్రియే అని ఫ్రాయిడు తీర్పు. నివేదిక కథవలె ఇంపుగా నున్నది. కాని చదువరులారా, ఆ చికిత్సలో ఫ్రాయిడు బాలుని చూచినది ఒక్క పర్యాయమే. తక్కినదంతయు తండ్రి వ్రాసి పంపినది. ఆ తండ్రియో, ఫ్రాయిడును నమ్మిన శిష్యుడు! బండిగుఱ్ఱము కూలిపడగా చూచితినని బాలుడే చెప్పెను. ఫ్రాయిడు ఆ మాటను దాచలేదు, అది ఆయన నిజాయితీ; దానితో తృప్తిపడనూలేదు. కూలిన గుఱ్ఱమే చాలును గదా అని 1960లో వోల్పే, రాక్మన్ వాదించిరి. నాకును ఆ వాదమే బలముగా తోచుచున్నది.

రెండవది 1920లో వాట్సన్, రేనర్ అనువారు వ్రాసినది. పదకొండు నెలల ఆల్బర్టు తెల్లఎలుకను ముట్టబోగా, వెనుక ఇనుపకడ్డీ మీద సుత్తితో మోదిరి. ఇట్లు పలుమారులు చేయగా, ఎలుక కనబడినంతనే పసివాడు ఏడ్చెను. కుందేలును, కుక్కను, బొచ్చుకోటును చూచియు బెదరెను. భయము నేర్పబడునదే అని వారనిరి. ఒక్క శిశువును చూచి అంత గట్టిగా చెప్పవచ్చునా? పైగా ఆ భయము తీర్చకమునుపే బిడ్డ ఆసుపత్రి విడిచిపోయెను. ఇరువది ఏండ్ల తరువాత ఫ్రాయిడు శిష్యులు ఈ భయమునకేమి అర్థము చెప్పుదురోయని ఆ పత్రములోనే పరిహాసమాడిరి. పరిహాసము పదునైనదే, కాని ఎవరి బిడ్డను అడ్డము పెట్టుకొని?

మూడవది మేరీ కవర్ జోన్స్ 1924లో వ్రాసినది. చిన్నది, ఆడంబరము లేనిది. మూడేండ్లు నిండని పీటరు కుందేలుకు జడియును. ఆ భయమెట్లు కలిగెనో ఆమెకు తెలియదు, తెలిసినట్లు నటింపనూలేదు. కుందేలును కొంచెము కొంచెముగా బాలునికి దగ్గర చేసిరి. నడుమ జ్వరము వచ్చెను, పెద్దకుక్క బెదరించెను, గెలిచినదంతయు పోయెను. ఆమె మరల మొదలుపెట్టెను; ఈసారి బాలుడు ఇష్టమైన తిండి తినుచుండగా కుందేలును దగ్గరకు తెచ్చిరి. కడకు కుందేలు తన వ్రేళ్ళను కొరుకుచుండగా పీటరు ఊరకుండెను.

తిండియే భయమును పోగొట్టినదని ప్రవర్తనావాదులందురు. కాని జడియని పిల్లలు కొందరు అప్పుడప్పుడు అతనితో నుండిరని ఆమెయే వ్రాసెను. ఇతర పిల్లలు కుక్కతో ఆడుట చూచిన పిల్లలకు భయము తగ్గునని 1967లో బండూరా, ఆయన తోటివారు చూపిరి. పీటరుకు మేలు చేసినది తిండియా, తోటివారా? రెండునా? జోన్స్ నివేదిక ఈ సందేహమునకు చోటిచ్చుచున్నది. తక్కిన రెండును ఇయ్యవు.

ఆల్బర్టుకు మాత్రము అట్టి చికిత్స దొరకలేదు. అతడెవరి బిడ్డయో, తరువాత ఏమాయెనో అని పండితులు నేటికిని తగవులాడుచున్నారు.