రెండు ఎరుపుల మధ్య

ఏప్రిల్‌లో, అమావాస్యకు దగ్గరి రాత్రి. అచ్చంపేట దాటి నల్లమల అంచున ఒక మిత్రుడి పొలంలో టెలిస్కోపు నిలబెట్టుకున్నాను. రెండు గంటలవుతుండగా, ఐదు నిమిషాల ఎక్స్‌పోజర్ ముగిసి ల్యాప్‌టాప్ మీదికి తొలి ఫ్రేము వచ్చింది. పొలం కాపలా ఉండే పెద్దాయన పక్కకొచ్చి తొంగి చూశాడు. "ఏమున్నది సారూ, అంత నల్లగనే ఉన్నది గదా" అన్నాడు. "కొంచెం ఆగుండ్రి, దాని లోపలనే ఉన్నది" అన్నాను. ప్రోగ్రాంలో మీట జరిపితే నలుపు పలచబడి, అడుగు నుంచి బూడిద రంగు పొగ తేలింది. దాని నడుమ వేళ్లలా నిలబడ్డ చిన్న మరకలు. "మొగులా?" అని అడిగాడు. మొగులే. ఆరున్నర వేల కాంతి సంవత్సరాల దూరాన ఉన్న మొగులు.

ఆ వేళ్లను మీలో చాలామంది చూసే ఉంటారు. 1995 ఏప్రిల్ 1న హబుల్ టెలిస్కోపుతో జెఫ్ హెస్టర్, పాల్ స్కోవెన్ తీసిన ఈగిల్ నెబ్యులా చిత్రం అది. 'సృష్టి స్తంభాలు' అన్న పేరుతో పాఠ్యపుస్తకాల నుంచి గోడ క్యాలెండర్ల దాకా వెళ్లింది. అందులో పొడవైన స్తంభం దాదాపు నాలుగు కాంతి సంవత్సరాలు. సూర్యుడి నుంచి పక్క నక్షత్రానికి ఉన్న దూరం కూడా ఇంచుమించు అంతే. ఆ మాట తలుచుకుని చూస్తే బొమ్మ వేరేగా కనిపిస్తుంది.

ఒకసారి ఒక బడిలో పిల్లలకు ఈ చిత్రం చూపించి, దీన్ని తీసిన కెమెరాకు రంగులు తెలియవని చెప్పాను. వెనక కూర్చున్న టీచరమ్మ లేచి, "అయితే ఇవి దొంగ రంగులేనా అండీ?" అని అడిగారు. ఆవిడ గొంతులో నిరాశ ఉంది. అక్కడ నేనిచ్చిన జవాబు నాకే సరిపోలేదు. ఈ వారం ఆ జవాబును సరిగ్గా చెప్పాలని ఉంది.

హబుల్ కెమెరా తీసేది నలుపు తెలుపు చిత్రమే. ముందు ఒక ఫిల్టరు పెడతారు. అది ఒక్క మూలకం వెలిగించే కాంతిని మాత్రమే లోపలికి వదులుతుంది. తర్వాత ఇంకో ఫిల్టరు, మరో చిత్రం. స్తంభాలకు వాడినవి మూడు. 656 నానోమీటర్ల దగ్గర హైడ్రోజన్, 672 దగ్గర సల్ఫర్, అంటే మన గంధకం, 501 దగ్గర ఆక్సిజన్. చిక్కంతా మొదటి రెండింటితోనే. హైడ్రోజన్ కాంతి ఎరుపు, గంధకం కాంతీ ఎరుపే. రెండింటికీ తేడా పదహారు నానోమీటర్లు, అంటే మిల్లీమీటరును పది లక్షల ముక్కలు చేస్తే అందులో పదహారు ముక్కలు. 'నిజమైన' రంగుల్లోనే అచ్చు వేస్తే ఆ రెండూ కలిసిపోయి ఒకే ఎరుపు ముద్ద అవుతుంది. ఏది హైడ్రోజనో, ఏది గంధకమో ఏ కన్నూ విడదీయలేదు.

అందుకే హెస్టర్, స్కోవెన్ గంధకానికి ఎరుపు ఇచ్చారు, హైడ్రోజన్‌కు ఆకుపచ్చ, ఆక్సిజన్‌కు నీలం. వరస చూడండి. ఎక్కువ తరంగదైర్ఘ్యం ఉన్నది ఎరుపు, తక్కువది నీలం. ఇంద్రధనస్సులో ఉన్న క్రమమే. దాన్ని కొంచెం సాగదీశారు, అంతే. ఇద్దరి గొంతులు ఒకే శ్రుతిలో కలిసిపోయి మాట తెలియకపోతే ఒకరి శ్రుతి పెంచి పాడించినట్టు. పాట మారలేదు.

అలా విడదీశాక ఆ బొమ్మ చెప్పే కథ పెద్దది. ఆక్సిజన్ అలా వెలగాలంటే దాని పరమాణువు నుంచి రెండు ఎలక్ట్రాన్లు ఊడిపోవాలి, అందుకు చాలా శక్తి కావాలి. కాబట్టి నీలం ఉన్న చోట అతినీలలోహిత కాంతి దంచి కొడుతోందని అర్థం. గంధకానికి అంత అక్కర్లేదు, అది మబ్బు అంచున, చర్మంలాంటి పొరలో వెలుగుతుంది. ఆ అతినీలలోహిత కాంతి పక్కనున్న పడుచు నక్షత్రాల గుంపు నుంచి వస్తోంది. దాని తాకిడికి మబ్బు ఆవిరైపోతోంది. చిక్కని ముద్ద ఉన్న చోట మాత్రం దాని నీడలో వెనక ధూళి మిగిలిపోయింది. వాన నీరు ఎర్రమట్టి గట్టును కోసుకుపోయినప్పుడు, రాయి కింది మట్టి గుంజలా నిలబడి ఉండటం చూశారా? ఈ స్తంభాలూ అలా మిగిలినవే. మొత్తం ఒకే ఎరుపులో ఉంటే ఇదంతా కనబడేది కాదు. ఆ రంగులు దొంగవి కావు టీచరమ్మా, అవి చదవడానికి పెట్టిన గుర్తులు.

2022లో జేమ్స్ వెబ్ టెలిస్కోపు అవే స్తంభాలను పరారుణ కాంతిలో తీసింది. ఆ కాంతి మన కంటికి అసలే ఆనదు. అక్కడా వరస తప్పలేదు, పొడవైన తరంగాలకు ఎరుపు, పొట్టివాటికి నీలం. ధూళి పలచని తెరలా మారి, దాని వెనక వేల నక్షత్రాలు బయటపడ్డాయి. నా మటుకు హబుల్ చిత్రమే ఇష్టం. వెబ్ చిత్రంలో నక్షత్రాల సందడికి స్తంభాల బరువు తగ్గింది.

మాలాంటి ఔత్సాహికుల పని ఇదే పద్ధతిలో, చిన్న ఎత్తున సాగుతుంది. ఒక్క ఫ్రేములో కాంతి ఎంతుంటుందో, కెమెరా పుట్టించే గరుకూ అంతే ఉంటుంది. పదుల ఫ్రేములు తీసి ఒకదాని మీద ఒకటి పేర్చి సగటు తీస్తే గరుకు అణిగి కాంతి నిలుస్తుంది. కానీ ఫలితం తేలిగ్గా రాదు. నాణ్యత రెండింతలు కావాలంటే ఫ్రేములు నాలుగింతలు కావాలి. మూత పెట్టి చీకటి ఫ్రేములు తీసుకుంటాం, కెమెరా వేడికి పుట్టిన మచ్చలను తీసేయడానికి. తెల్లారాక టెలిస్కోపు మూతికి తెల్లగుడ్డ కట్టి ఇంకొన్ని ఫ్రేములు తీస్తాం, అద్దం మీది దుమ్ము నీడలు పోవడానికి. పొగమంచు, మంచు బిందువులు, దూరాన ఎవరో వేసిన ఫ్లడ్‌లైటు, ఏదో ఒకటి రాత్రిని తినేస్తుంది. అయినా ఈ ఓపికలో నాకు దొరికిన సంతోషం మరెక్కడా దొరకలేదు.

నేను తప్పు చేసింది మాత్రం ఈ రాత్రుల్లో కాదు, ఇంట్లో, కంప్యూటర్ ముందు. మన ఊళ్లలో పిల్లలకోడి అంటామే, ఆ కృత్తికలను ఒక డిసెంబరులో తీశాను. వాటి చుట్టూ ఉండే నీలం నిజంగా నీలమే. దారిలో అడ్డొచ్చిన ధూళి మీద నక్షత్రాల వెలుగు పడి చెదిరితే వచ్చినది. ఊరి దీపాల మెరుపును తీసేసే ప్రోగ్రాం నడిపించి నేపథ్యాన్ని నల్లగా, శుభ్రంగా చేశాను. అందరూ మెచ్చుకున్నారు. కొన్ని వారాల తర్వాత మొదటి ఫ్రేములు మళ్లీ తెరిచి, బొమ్మను తలకిందులు చేసి, అంటే నక్షత్రాలు నల్లగా, ఆకాశం తెల్లగా మార్చి చూశాను. నేను తుడిచేసిన దాంట్లో ఊరి దీపాల మెరుపుతో పాటు ఆ ధూళి బయటి పొరలు కూడా ఉన్నాయి. అవి ఆకాశంలో ఉన్నవి, నేను లేకుండా చేశాను. రంగు మార్చడం వేరు, ఉన్నదాన్ని చెరపడం వేరు. లేనిదాన్ని కల్పించడం ఇంకా ఘోరం. ఇప్పుడు బొమ్మకు తనంతట తానే పదును పెట్టే ప్రోగ్రాములు వచ్చాయి. ఫ్రేముల్లో లేని పోగులను అల్లి పెట్టగలవు. నేను వాటిని వాడను.

ఆ తలకిందుల బొమ్మ చూసినప్పుడల్లా హైదరాబాద్ బేగంపేటలోని నిజామియా వేధశాల గుర్తొస్తుంది. వందేళ్లకు పైగా కిందట, ప్రపంచ దేశాలు కలిసి ఆకాశాన్ని ఫొటోల్లో పటం గీయాలనుకున్నప్పుడు, ఒక భాగం ఆ వేధశాలకు వచ్చింది. గాజు పలకల మీద తీసి, ఒక్కో చుక్క స్థానాన్నీ కొలిచి, లక్షల నక్షత్రాలను సంపుటాల్లోకి ఎక్కించారు. ఆ పలకల్లోనూ నక్షత్రాలు నల్ల చుక్కలే. అందం కోసం తీసినవి కావవి, చుక్క తప్పకూడదని తీసినవి. అయినా నా కంటికి అవీ అందమైన చిత్రాలే.

పత్రికలవాళ్లకు, బడుల్లో బొమ్మలు అంటించేవాళ్లకు, నాలా ఫొటోలు తీసేవాళ్లకు ఒక విన్నపం. అద్భుతం, అపూర్వం అనే మాటలు తగ్గించి, ఏ కాంతికి ఏ రంగు ఇచ్చారో చిత్రం కింద ఒక్క వాక్యంలో చేర్చండి. నా ఈగిల్ నెబ్యులా కింద నేను రాసుకున్నది ఇది: "నల్లమల అంచున నాలుగు రాత్రులు. గంధకం 40 ఫ్రేములు, ఎరుపు. హైడ్రోజన్ 36, ఆకుపచ్చ. ఆక్సిజన్ 30, నీలం. ఒక్కొక్కటి ఐదు నిమిషాలు."