నూటికి ఎంత? – పోటీపరీక్షల శాతం లెక్కలలో తెలుగు వాక్యం: ఒక విమర్శ

వ్యాససంగ్రహం:

పోటీపరీక్షల అంకగణిత విభాగంలో శాతాలకు సంబంధించిన పదసమస్యలు తప్పనిసరిగా ఉంటాయి. వీటిని గణితదృష్టితో వివరించే పుస్తకాలకు కొదవ లేదు. వాటి వాక్యనిర్మాణాన్ని తెలుగు వ్యాకరణదృష్టితో పరిశీలించిన సందర్భాలు మాత్రం తక్కువ. శాతం లెక్కలో కీలకమైన ప్రశ్న ‘దేనిలో శాతం?’ అన్నది. తెలుగులో ఈ ప్రశ్నకు సమాధానాన్ని ప్రధానంగా విభక్తి ప్రత్యయాలు, సర్వనామాలు ఇస్తాయి. అనువాదంలో అవి జారిపోతే లెక్క మారిపోతుందని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: శాతం, పదసమస్య, త్రైరాశికం, విభక్తి, అనువాదం, పోటీపరీక్షలు.

1. ఉపోద్ఘాతం:

ఉపాధ్యాయ అర్హత పరీక్ష మొదటి పత్రంలో 150 ప్రశ్నలు ఉంటాయి. వాటిలో 30 గణితానివి. సాధారణ వర్గం అభ్యర్థి 60 శాతం, అంటే 90 మార్కులు తెచ్చుకోవాలి. 89 వస్తే అర్హత లేదు. ఇటువంటి చోట ఒక్క వాక్యం అస్పష్టంగా ఉన్నా దాని పర్యవసానం చిన్నది కాదు. కేంద్ర సాయుధ పోలీసు బలగాల కానిస్టేబుల్ పరీక్షను కూడా 2024 నుంచి తెలుగుతో సహా 13 ప్రాంతీయ భాషలలో నిర్వహిస్తున్నారు. అంటే తెలుగులో లెక్క చదివి ఉద్యోగానికి పోటీపడే అవకాశం విస్తరించింది. ఆ లెక్క ఏ తెలుగులో ఉంది అన్న ప్రశ్న కూడా దానితోపాటే ముందుకు వచ్చింది.

ద్విభాషా ప్రశ్నపత్రాలలో సందిగ్ధత ఏర్పడితే ఆంగ్ల పాఠమే ప్రామాణికమన్న సూచన తరచుగా కనిపిస్తుంది. పరిపాలనపరంగా అది సౌకర్యమే. కాని తెలుగు పాఠాన్ని మాత్రమే నమ్ముకొన్న అభ్యర్థికి దాని అర్థం వేరు. అతడు చదివిన వాక్యానికి స్వతంత్రమైన అధికారం లేదు. అందువల్ల ఆ వాక్యాన్ని విమర్శకు గురిచేయడం తెలుగు పరిశోధకుల బాధ్యత అవుతుంది. ఈ వ్యాసంలోని ఉదాహరణ వాక్యాలు పరీక్షల ధోరణిని అనుసరించి రూపొందించినవి. ఏ ఒక్క ప్రశ్నపత్రం నుంచీ తీసుకొన్నవి కావు.

2. సంప్రదాయంలో ‘నూటికి’:

శాతం అన్న భావన మనకు ఆంగ్ల విద్యతో వచ్చినది కాదు. 9వ శతాబ్దికి చెందిన మహావీరాచార్యుని గణితసారసంగ్రహాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. తెలుగులో తొలి శాస్త్రగ్రంథాలలో ఒకటిగా దానిని సాహిత్యచరిత్ర గుర్తించింది. భారతీయ గణితంలో త్రైరాశికానికి మూడు అంగాలు: ప్రమాణం, ఫలం, ఇచ్ఛ. ఫలాన్ని ఇచ్ఛతో గుణించి ప్రమాణంతో భాగిస్తే ఇచ్ఛాఫలం వస్తుంది. ప్రమాణం 100 అయినప్పుడు అదే నేటి శాతం లెక్క.

వడ్డీని నూటికి, నెలకు ఇంత అని చెప్పడం ఆ గ్రంథాల పద్ధతి. నేటికీ మన ఊళ్లలో ‘నూటికి రెండు రూపాయల వడ్డీ’ అంటే నెలకు రెండు అని ఎవరూ విడిగా చెప్పనక్కరలేదు. పదివేలు అప్పు తీసుకొన్న రైతు నెలకు 200, ఏడాదికి 2,400 కట్టాలి. పరీక్ష భాషలో ఇది సంవత్సరానికి 24 శాతం బారువడ్డీ. వాడుకలోని ‘రూపాయి వడ్డీ’ అక్కడ 12 శాతం అవుతుంది. నోటిలెక్కగా ఇది తెలిసిన కుటుంబం నుంచి వచ్చిన విద్యార్థికి పాఠ్యపుస్తకంలోని వడ్డీ శాతం కొత్త విషయంలా తోచడానికి కారణం గణితం కాదు. ఈ రెండు భాషల మధ్య వంతెన వేయకపోవడమే కారణం.

3. విభక్తి – విలువ:

బాలవ్యాకరణం ‘కి, కు, యొక్క, లో’ ప్రత్యయాలను షష్ఠిలోనూ, ‘కంటె’ను పంచమిలోనూ చేర్చింది. శాతం లెక్కల అర్థనిర్ణయం ఎక్కువగా ఈ ప్రత్యయాలపైనే నిలుస్తుంది.

3.1. ‘కి’ ఉండడం, లేకపోవడం: ‘కిలో 50 రూపాయలున్న సరుకు ధర 20 శాతం తగ్గింది’ అంటే కొత్త ధర 40. ‘20 శాతానికి తగ్గింది’ అంటే కొత్త ధర 10. మొదటి వాక్యం తగ్గిన మేరను చెబుతుంది. రెండవది తగ్గి చేరిన స్థానాన్ని చెబుతుంది. ఆంగ్లంలో రెండు వేర్వేరు విభక్త్యర్థక పదాలు చేసే పనిని తెలుగులో ఒక్క ప్రత్యయం ఉనికి, లోపం చేస్తున్నాయి. అచ్చులో ఆ ఒక్క ప్రత్యయం తప్పిపోతే జవాబు 40 నుంచి 10కి మారుతుంది.

3.2. ‘కంటే’: ‘రవి ఆదాయం సీత ఆదాయం కంటే 25 శాతం ఎక్కువ. సీత ఆదాయం రవి ఆదాయం కంటే ఎంత శాతం తక్కువ?’ దీనికి 25 అని జవాబు రాసేవారు చాలామంది. సీత ఆదాయం 100 అనుకొంటే రవిది 125. తేడా 25. రెండవ వాక్యంలో ‘కంటే’ రవి ఆదాయాన్ని అంటిపెట్టుకొని ఉంది కనుక ఆధారం 125. 25ను 125తో భాగించి 100తో గుణిస్తే 20 శాతం. ఇక్కడ తెలుగుకు ఒక సౌలభ్యం ఉంది. పోల్చడానికి ఆధారమైన పదం ‘కంటే’తో కలిసి, శాతం సంఖ్యకు ముందే వస్తుంది. పాఠకుడు సంఖ్యను చేరేసరికే ‘దేనిలో’ అన్నది తెలిసిపోతుంది. ఈ గుణాన్ని తరగతిలో ఎత్తిచూపితే సూత్రం కంఠస్థం చేయవలసిన పని తగ్గుతుంది.

3.3. ‘లో’ – సర్వనామం: సముదాయం నుంచి ఒక భాగాన్ని వేరుచేసి చెప్పడాన్ని వ్యాకరణం నిర్ధారణ అంటుంది. శాతం దాని సంఖ్యారూపమే. ఈ వాక్యాలను చూడండి: ‘ఒక కళాశాలలో 800 మంది విద్యార్థులున్నారు. వారిలో 60 శాతం బాలికలు. వారిలో 25 శాతం వసతిగృహంలో ఉంటున్నారు.’ మొదటి ‘వారిలో’ విద్యార్థులను సూచిస్తుంది. రెండవది ఎవరిని? బాలికలను అయితే 480లో 25 శాతం, అంటే 120 మంది. విద్యార్థులందరినీ అయితే 200 మంది. ఆంగ్లంలో సంబంధార్థక ఉపవాక్యం నామాన్ని వెన్నంటి వస్తుంది కనుక ఈ సందేహానికి అక్కడ తావు తక్కువ. అనువాదకుడు ఆ ఉపవాక్యాన్ని విడి వాక్యంగా మార్చి, నామాన్ని సర్వనామంతో సరిపెట్టినప్పుడు సందిగ్ధత పుడుతుంది. ఐచ్ఛికాలలో 120, 200 రెండూ ఉంటే అభ్యర్థి గణితజ్ఞానం అతడిని కాపాడలేదు. ‘ఆ బాలికలలో’ అని నామాన్ని మళ్లీ చెప్పడమే దీనికి పరిష్కారం. పునరుక్తి కావ్యంలో దోషం కావచ్చు. లెక్కలో అది గుణం.

3.4. క్త్వార్థకం: ‘వ్యాపారి ధరను 10 శాతం పెంచి, 10 శాతం తగ్గించి అమ్మాడు.’ రెండు క్రియలు సమానంగా నడుస్తున్నందువల్ల రెండు శాతాలూ ఒకే ధర మీద వర్తిస్తాయన్న భ్రమ కలుగుతుంది. నిజానికి 100 మొదట 110 అవుతుంది. 110లో 10 శాతం 11. చివరి ధర 99. ‘పెంచిన ధరపై 10 శాతం తగ్గించి’ అని రాస్తే ఆధారం మారిన సంగతి వాక్యంలోనే కనిపిస్తుంది.

4. పదజాలం:

‘కొన్నవెల, అమ్మినవెల, అసలు, బారువడ్డీ, చక్రవడ్డీ’ వంటి మాటలు తెలుగు గణితంలో చక్కగా కుదురుకొన్నాయి. అంగడి వాసన ఉన్నందువల్లనే అవి నిలిచాయి. కాని తగ్గింపు విషయంలో ‘రాయితీ’, ‘ముదరా’, ‘డిస్కౌంట్’ మూడూ వ్యవహారంలో ఉన్నాయి. ఒకే ప్రశ్నపత్రంలో ఇవి మారుతూ ఉంటే అవి వేర్వేరు భావనలేమో అన్న శంక కలుగుతుంది. ఒక పార్టీ ఓట్ల వాటా 40 శాతం నుంచి 44 శాతానికి చేరితే ‘4 శాతం పెరిగింది’ అనడం పత్రికల వాడుక. గణితపరంగా పెరుగుదల 10 శాతం. 4 అన్నది రెండు శాతాల మధ్య తేడా మాత్రమే. ఈ భేదాన్ని చెప్పడానికి సర్వసమ్మతమైన మాటను మన వాడుక ఇంకా స్థిరపరచుకోలేదు.

5. ఒక ఆక్షేపణ:

ఆధారాన్ని తప్పుగా గ్రహించడం అన్ని భాషలవారూ చేసేదే కదా, దీనికి తెలుగును నిందించడమెందుకని అడగవచ్చు. ఆక్షేపణ కొంతవరకు సమంజసమే. 3.2లోని పొరపాటు భావనకు సంబంధించినది. అక్కడ తెలుగు వాక్యం నిర్దుష్టంగా ఉంది. 3.3లోని చిక్కు మాత్రం వాక్యానికి సంబంధించినది. అక్కడ అభ్యర్థి దోషం లేదు. ఈ రెండింటినీ వేరుచేయడమే విమర్శ చేయవలసిన పని. ‘ఎక్కువ అని కనిపిస్తే కూడు, తక్కువ అని కనిపిస్తే తీసివేయి’ అన్న కిటుకుల బోధన ఈ భేదాన్ని చెరిపివేస్తుంది. మాటను చూసి క్రియను ఎంచుకొనే అలవాటు వాక్యాన్ని చదివే అలవాటును చంపుతుంది.

6. ముగింపు:

1. శాతం పదసమస్యలో ఆధారాన్ని నిర్ణయించేది ప్రధానంగా విభక్తి. కనుక గణితబోధనలో విభక్తిజ్ఞానానికి స్థానం ఉండాలి.
2. ఆధారం మారిన ప్రతిచోటా సర్వనామానికి బదులు నామాన్నే వాడాలి.
3. ఒక ప్రశ్నపత్రంలో ఒక భావనకు ఒకే మాట వాడాలి.
4. తెలుగు పాఠాన్ని ఆంగ్ల మూలం చూడని తెలుగు, గణిత అధ్యాపకులు చదివి, విడివిడిగా లెక్కచేసి చూడాలి. ఇద్దరికీ ఒకే జవాబు రాకపోతే ఆ వాక్యాన్ని తిరిగి రాయాలి.

వడ్డీలెక్కను పద్యంలో నడిపించగలిగిన భాషకు దానిని వచనంలో నిస్సందేహంగా చెప్పే శక్తి లేదనడం సరికాదు. లోపం భాషది కాదు, తెలుగు పాఠాన్ని ఆంగ్లానికి నీడగా మాత్రమే చూసే పద్ధతిది. ఆ పద్ధతి మారేవరకు తెలుగు మాధ్యమ అభ్యర్థి ఒకే ప్రశ్నకు రెండు పరీక్షలు రాస్తూనే ఉంటాడు. వాటిలో ఒకదానికి మాత్రమే మార్కులు ఉంటాయి.