రెండు మందులు, ఒక స్వస్థత: "తులసిదళం" నవలలోని సందేహము

ఒక రోగికి ఒకే దినమున ఇద్దరు వైద్యులు వేర్వేరు మందులిచ్చిరి. మరునాటికి జ్వరము తగ్గినది. ఏ మందు పనిచేసినది? ఈ ప్రశ్నకు ఎవరును సమాధానము చెప్పజాలరు. తెలుగు పాఠకులను ఒకప్పుడు ఉర్రూతలూగించిన నవల యొకటి ఈ ప్రశ్నమీదనే నిలిచియున్నది.

1980వ దశకపు తొలి సంవత్సరములలో, సికింద్రాబాదు నుండి వెలువడుచుండిన ఆంధ్రభూమి వారపత్రికలో, యండమూరి వీరేంద్రనాథ్ రచించిన "తులసిదళం" ధారావాహికముగా వచ్చినది. తులసి యను బాలికపై కాష్మోరా యను క్షుద్రప్రయోగము జరుగును. బిడ్డ నానాటికి క్షీణించును. ఒకవైపు వైద్యులును, హిప్నాటిజము తెలిసినవారును తమ విద్యలను ప్రయోగింతురు. మరియొకవైపు మాంత్రికుని అడ్డగించు యత్నము సాగును. తుదకు రెండును ఒక్కమారే ఫలించినట్లు కనిపించును. బిడ్డను బ్రతికించినది శాస్త్రమా, మంత్రమా? రచయిత తీర్పు చెప్పడు.

యండమూరి పిమ్మట "అగ్నిప్రవేశం" (1990), "స్టువర్టుపురం పోలీస్ స్టేషన్" (1991) చిత్రములకు దర్శకత్వము వహించెను. చిత్రదర్శకుని దృష్టి ఈ నవలలో ముందే కానవచ్చును. రెండు చోట్ల జరుగు సంఘటనలను మార్చి మార్చి చూపి ఉత్కంఠ పెంచుట వెండితెర నేర్పు. పుస్తకమును మూసిన తరువాత కూడ పాఠకుడు తర్కించుకొనునట్లు చేయుట ఈ రచనలోని గొప్పతనము.

అయితే లోపము కూడ అక్కడనే యున్నది. క్షుద్రపూజల ఘట్టములు మనస్సున నాటుకొన్నంతగా వైద్యుల వాదము నాటుకొనదు. త్రాసు సమముగా నున్నట్లు తోచినను, భయము ఒక తట్టను క్రిందికి లాగుచున్నది.

సందేహమును మిగుల్చుట కథకుని హక్కు. దానిని పరీక్షించుట శాస్త్రజ్ఞుని విధి. తీవ్రభయమే నాడీమండలమును అదుపు తప్పించి ప్రాణము తీయగలదా యని అమెరికా శరీరధర్మ శాస్త్రవేత్త వాల్టర్ కానన్ 1942లో చర్చించెను. అట్లయిన అడుగవలసిన ప్రశ్న యిది: ప్రయోగము జరిగిన సంగతి రోగికి తెలియనపుడు కూడ ఫలితము కలుగునా? కలుగనిచో చంపునది మంత్రము కాదు, నమ్మకము.

ఇది కేవలము సాహిత్యచర్చ కాదు. చేతబడి చేసిరన్న అనుమానముతో మనుష్యులను కొట్టి చంపిన ఘోరములు తెలంగాణ పల్లెలలో జరిగినవి. నవలలోని సందేహము పుస్తకముతో ముగియును. ఊరిలోని సందేహము ఒక నిరపరాధి ప్రాణముతో ముగియును.

కావున ఈ నవలను విద్యార్థులకు నిషేధింప నక్కరలేదు. ఉపాధ్యాయులు దీనిని తరగతిలో ప్రశ్నగా పెట్టవచ్చును. రెండు కుండీలలో చిక్కుడు విత్తులు నాటి, ఒకదానికి ఎరువును, ఎక్కువ ఎండను కలిపి యిచ్చినచో, అది ఏపుగా పెరిగినపుడు కారణము తెలియదు. ఒక్కమారు ఒక్కదానినే మార్చవలెను. ఈ చిన్న సూత్రము తెలిసిన బాలుడు "తులసిదళం"ను ఆనందముగా చదువును, చదివి, భయపడడు.