ఒక్క సెకను పాత పేజీ

వెబ్‌సైటు నెమ్మదించిందనగానే ఎవరో ఒకరు "ఇంకో సర్వర్ వేద్దాం" అంటారు. నేను మాత్రం ముందు లాగ్‌లు తెరిచి, ఒకే జవాబును ఆ సర్వర్ ఎన్నిసార్లు మళ్లీ మళ్లీ వండుతోందో చూస్తాను. వార్తల సైటు హోమ్‌పేజీని సెకనుకు ఐదు వందల మంది అడుగుతున్నారనుకోండి. అన్నిసార్లూ డేటాబేస్‌ను కదిలించి, అక్షరం తేడా లేని అదే పేజీని కట్టడం ఏం పని? ఎన్‌జింక్స్ అనే వెబ్ సర్వర్‌లో ఆ పేజీని ఒక్క సెకను దాచమని, అంటే క్యాష్ చేయమని, రాస్తే, వెనకున్న అప్లికేషన్ దాకా సెకనుకు దాదాపు ఒక్క అభ్యర్థనే వెళ్తుంది.

ఆ సెకను గడువు తీరే క్షణమే గండం. అప్పుడు వచ్చినవాళ్లంతా ఒక్కసారిగా డేటాబేస్ మీద పడతారు. అందుకే కొత్త పేజీ తేవడానికి ఒక్కరినే పంపి, తక్కినవాళ్లకు ఈలోపు పాతదే ఇవ్వమని చెప్పాలి. దానికి రెండు మూడు లైన్లు చాలు. చాలామంది వాటినే రాయరు.

పేజీలను ఇలా దాచే పనికి వార్నిష్ అనే సాఫ్ట్‌వేర్ కూడా ఉంది. నార్వే పత్రిక వేర్డెన్స్ గాంగ్ సైటు కోసం డెన్మార్క్ ప్రోగ్రామర్ పౌల్ హెన్నింగ్ కాంప్ రాసినది, 2006లో బయటికొచ్చింది. కుకీతో, అంటే బ్రౌజర్ పంపే గుర్తింపు చీటీతో, వచ్చిన అభ్యర్థనను అది తనంతట తాను క్యాష్ చేయదు, ఆ పేజీ ఆ ఒక్కరికే చెందినదై ఉండొచ్చని. నాకు దానిమీద గౌరవం కలిగించింది ఈ పిరికితనమే. సందర్శకులను లెక్కపెట్టే స్క్రిప్టు ప్రతి బ్రౌజర్‌లోనూ ఒక కుకీ పెడుతుంది కాబట్టి, మొదటిరోజు క్యాష్ ఏమీ పనిచేయనట్టే కనిపిస్తుంది. విసుగొచ్చి కుకీలు ఉన్నా పట్టించుకోకుండా దాచేయమని రాస్తారు. లాగిన్ కుకీతో వచ్చిన ఒకరి సొంత పేజీ కూడా అలాగే దాగి, తర్వాత వచ్చినవాళ్లకు వెళ్తుంది.

అలా జరిగితే ఏమవగలదో 2015 క్రిస్మస్ రోజున స్టీమ్ అనే ఆన్‌లైన్ గేముల దుకాణంలో లోకమంతా చూసింది. సైటు మీద దాడి జరుగుతుంటే తట్టుకోవడానికి క్యాషింగ్ నియమాలు మార్చారు. వాటిలో ఒకటి లాగిన్ అయినవాళ్ల పేజీలను కూడా దాచేసింది. సుమారు 34,000 మంది వివరాలు, బిల్లింగ్ చిరునామాలతో సహా, పరాయివాళ్లకు కనబడే స్థితి వచ్చింది. సర్వర్ పడిపోయినా ఇంత నష్టం ఉండేది కాదు.

అందుకని సెట్టింగులు రాసే ముందు నేను సైటు యజమానుల దగ్గర కూర్చుంటాను. తప్పు శీర్షిక దిద్దాక అది ఎంతసేపు పాతదిగానే కనబడితే ఓర్చుకోగలరని ఎడిటర్‌ని అడుగుతాను. "ఒక్క క్షణం కూడా వద్దు" అంటారు మొదట. డేటాబేస్ గ్రాఫ్ చూపిస్తే ముప్పై సెకన్లకు దిగుతారు. లోగోకు ఏడాది గడువు ఇచ్చేస్తాను, మారినప్పుడు ఫైలు పేరే మారుస్తాం కాబట్టి. చందాదారుల ఖాతా పేజీకి మాత్రం బేరం లేదు, అక్కడ నో-స్టోర్, అంటే ఎక్కడా దాచొద్దనే ఆదేశం.