అమృతవిలాసము: రెండవ వడ్డన

ఆదివారము రాత్రి జెమినీ టీవీలో ‘అమృతం’ మొదలగు వేళకు కమలాపురములోని మా యింటి నడవలో చెనిక్కాయలు ఒలుచుచు కూర్చుండెడి మా అవ్వ, ఆంజనేయులు నోరు విప్పినంతనే చేతిలోని కాయను చేతిలోనే నిలిపి, “ఈ అంజిగాడు మాట్లాడితే నా పని సాగదబ్బీ” అని నవ్వెడిది. పనిలో నున్న చేతిని ఆపగలుగుటకు మించిన గీటురాయి హాస్యరచనకు నాకు నేటికిని దొరకలేదు.

గుణ్ణం గంగరాజుగారు సృష్టించిన యీ ధారావాహిక 2001లో ఆరంభమై 2007 వరకు 300కు పైగా భాగములుగా నడచినది. అద్దె యింటిలో కాపురముండు అమృతరావు (అమృతము), ఆంజనేయులు (అంజి) అను ఇరువురు మిత్రులు, వారి ‘అమృత విలాస్’ హోటలు, అందలి పనివాడు సర్వము, ఇంటి యజమాని అప్పాజీ: ఇంతే సామగ్రి. దీని వంశము పాతది. తోలుబొమ్మలాటలో రామరావణులు అలసినప్పుడు తెరపైకి దుమికెడి కేతిగాడును బంగారక్కయు, ‘కన్యాశుల్కం’లోని గిరీశమును వెంకటేశమును ఈ జంటకు పూర్వులే. 1885లో ‘కీచకవధ’తో సురభి నాటకకళకు అంకురార్పణ జరిగినది మా కడప సీమలోనే గనుక, నాటకపు మంచిచెడ్డలను గూర్చి మాటాడు హక్కు మాకు కొంత కలదని నా నమ్మకము.

గంగరాజుగారి పనితనమును దగ్గరగా చూడవలెనన్న ఒక అల్లికను ఊహింపుడు. అప్పాజీ అద్దె కొఱకు వచ్చినాడు. అమృతము తప్పించుకొనుటకు బంధువెవరో మంచము పట్టినాడని చిన్న అబద్ధమాడినాడు. ప్రక్కనున్న అంజి ఆ అబద్ధమును తానే ముందుగా నమ్మి కన్నీరు పెట్టుకొన్నాడు. ఆ కన్నీటిని సమర్థించుటకు రెండవ అబద్ధము, దానిని నిలుపుటకు మూడవది పుట్టి, అర్ధగంట గడచునప్పటికి మిత్రులిద్దరును బయలుదేరిన చోటికే చేరుదురు. అద్దె మాత్రము అట్లే నిలిచియుండును. ఇందు ఒక్క చమత్కారమైనను పైనుండి అతికినది కాదు. అమృతము ఆశనుండియు, అంజి అమాయకత్వమునుండియు తనంత తాను ఊరినది. అందుచేతనే అమృతము పాత్రను శివాజీరాజా, నరేశ్, హర్షవర్ధన్ వరుసగా ధరించినను ఆ పాత్ర చెక్కుచెదరలేదు. అది రచన బలము. అంజి మాత్రము మొదటినుండి తుదివరకు గుండు హనుమంతరావుగారే. తాను నవ్వించుచున్నానని తనకే తెలియని ఆ కంఠము, మాటకు ముందు ఆయన నిలుపు ఆ అరక్షణపు మౌనము ఏ రచయితయు కాగితముపై వ్రాయగలిగినవి కావు.

2014లో ‘చందమామలో అమృతం’ చిత్రము హోటలును చంద్రునిపైకి చేర్చినప్పుడే, ఈ హాస్యము అద్దె యింటి గడప దాటిన బ్రతుకజాలదని నాకు తోచినది. కావున 2020 మార్చి 25న, దేశమంతయు తలుపులు మూసుకొన్న ఆ ఉగాదినాడు, జీ5లో ‘అమృతం ద్వితీయం’ వెలువడి కథ మరల హోటలుకే వచ్చినదనగా నాకు పండుగలో పండుగయైనది. క్రొత్త చింతపండుకు గింజలు తీయుచున్న అవ్వ ముందు ఫోను నిలిపితిని. అప్పాజీగా శివన్నారాయణగారి గాంభీర్యము, సర్వముగా వాసు ఇంటూరిగారి తొట్రుపాటు, హర్షవర్ధన్‌గారి కంగారు చెక్కుచెదరలేదు, కండ్లు చెమర్చినవి. కాని పాత పరిచయములను నెమరువేయుటలో కథ వేగము కొంత సడలినది. హనుమంతరావుగారు 2018లో కన్నుమూసినందున అంజి పాత్ర ఎల్.బి. శ్రీరామ్‌గారికి వచ్చినది. ఆయన స్వయముగా దొడ్డ రచయిత. అందుకే కాబోలు, ఆయన అంజి ప్రతి మాటను తూచి యిచ్చుచున్నాడు. ఆనాటి అంజి మాటను జారవిడిచెడివాడు. “మన అంజిగాడు యాడికి పాయెబ్బీ?” అని అవ్వ అడిగినది. చెప్పితిని. ఆమె మరేమియు అనక గింజలు తీయసాగినది.

అయినను ఈ లోపములు గల అమృతమే, నేడు బుల్లితెరపై హాస్యమను పేర పారుచున్న బురదకంటె నూరురెట్లు మేలు! దేహపు రంగును, లావును ఎత్తిపొడుచుటయు, మగవానికి చీర కట్టి చెంపలు వాయించుటయు, చూచువారికంటె ముందుగా వేదికపై పెద్దలే పకపక నవ్వుటయు హాస్యమా? మా సీమ యాస చెవిని బడెనా, వెంటనే బాంబులును కత్తులును! పాపఘ్ని యొడ్డున మా వాండ్లు సంతలో బేరమాడునప్పుడు పలుకు చమత్కారములలో పదియవ వంతైనను ఈ రచయితలు విన్నారా? ఇది కేతిగాని వంశమునకే తలవంపు.

గంగరాజుగారికి ఈ అభిమాని విన్నపమొక్కటే: జ్ఞాపకములను వేడిచేసి వడ్డింపక, అమృత విలాస్ పొయ్యిపై నేటి పిండితో నేటి యిడ్డెనలు వండుడు. మా కమలాపురము, ప్రొద్దుటూరు పిల్లలారా, మీరును కలము పట్టుడు. అబద్ధమొకటి ఎట్లు మూడగునో ఆయన వద్ద నేర్చుకొని, మన యాసలో మన యింటి కథ వ్రాయుడు.

ఆ ఉగాదినాడు ‘ద్వితీయం’ రెండవ భాగము నడుచుచుండగా, సర్వము ఏదో అసందర్భపు మాట అనినాడు. అవ్వ చేయి నిలిచినది. ఒక్క పర్యాయమే, కాని నిలిచినది.