మెదకు పల్లెలలో క్రైస్తవం: రాకకు, పోకకు కారణాలు (రెండు గ్రంథాల పరిశీలన)

మతం మారినవారిని గురించి మన దేశంలో అడిగే మొదటి ప్రశ్న "ఎందుకు మారాడు?" అన్నది. జవాబు చాలమంది దగ్గర ముందే సిద్ధంగా ఉంటుంది. గిట్టనివారు "ఆశ చూపి మార్చారు" అంటారు. సంఘంవారు "దేవుడు పిలిచాడు" అంటారు. మారిన మనిషిని ఒక్కమాట అడగకుండానే ఈ రెండు జవాబులూ చెప్పవచ్చు. ఆ మనిషినే అడిగి, అతని పల్లెలో తిరిగి, విన్నది విన్నట్లు వ్రాసిన గ్రంథాలు తెలుగు పల్లెలను గురించి బహు కొద్ది. అటువంటి రెండింటిని ఇక్కడ పరిశీలిస్తున్నాము.

మొదటిది పి. వై. లూక్, జాన్ బి. కార్మన్ కలిసి వ్రాసిన 'విలేజ్ క్రిస్టియన్స్ అండ్ హిందూ కల్చర్' (1968). రెండవది అదే కార్మన్, చిల్కూరి వసంతరావుతో కలిసి వ్రాసిన 'క్రిస్టియన్స్ ఇన్ సౌత్ ఇండియన్ విలేజెస్, 1959–2009' (2014). రెండూ దక్షిణ ఇండియా సంఘపు మెదకు డయోసీసులోని వడియారం పాస్టరేటు, జంగరాయి ప్రాంతపు పల్లెలకు సంబంధించినవి. యాభై ఏండ్ల తర్వాత అదే కన్ను అదే చోటికి తిరిగి వచ్చి చూడడం ఈ విషయంలో అరుదైన సంగతి.

మొదటి గ్రంథం మనకు చూపేది మాల, మాదిగ పాలెములలోని క్రైస్తవులను. వారు ఆరాధనకు వస్తారు, పిల్లలకు బాప్తిస్మం ఇప్పిస్తారు. ఊరి దేవత పండుగ వచ్చినప్పుడు ఊరితో పాటు నిలబడతారు కూడా. బైబిలు పేరు ఒకటి, ఊరిపేరు ఇంకొకటి. మిషనరీ నివేదికలు ఇట్టివారిని "అరకొర విశ్వాసులు"గా లెక్కగట్టేవి. లూక్, కార్మన్ ఆ తొందర పడలేదు. పాలెం అంతా పెద్దల మాట మీద, కులం కులంగా వచ్చిన చోట, పండుగలో పాలు మానుకోవడమంటే ఊరితో తెగతెంపులు చేసుకోవడమేనని వారు గ్రహించారు. ఈ గ్రంథపు విలువ అక్కడ ఉన్నది.

కరువుకూడు కోసం వచ్చారన్న మాటను ఇక్కడ కొంచెం విచారించాలి. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగిన మెదకు మహాదేవాలయాన్ని గురించి, కరువులో పని కల్పించడానికే పోస్నెట్ దొర దానిని కట్టించాడని జనం చెప్పుకుంటారు. అయితే ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణ ఒంగోలుది. 1876–78 కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ, బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం గుత్తకు తీసుకొని వేలమందికి కూలి ఇచ్చాడు. సహాయం సాగినన్నాళ్ళు బాప్తిస్మాలు ఆపివేశాడు. తర్వాత 1878 జులై 3న ఒక్కనాడే 2,222 మందికి బాప్తిస్మం జరిగినది. కూటి కోసమే అయితే కూలి నిలిచిన తర్వాత ఎందుకు వచ్చారు? అట్లని కూటికీ దీనికీ సంబంధం లేదనీ అనలేము. ఆకలినాడు ఊరు దూరంగా నిలబెట్టినవారిని దగ్గరకు పిలిచి పని ఇచ్చినవాని మీద నమ్మకం పుట్టడం లంచం కాదు. మనుష్యుడు మనుష్యుని నమ్మేది సాధారణంగా ఆ విధంగానే. 1933లో వెలువడిన తన గ్రంథంలో పికెట్, మతంలోకి వచ్చిన కారణాలను ఆత్మసంబంధమైనవి, లౌకికమైనవి, సాంఘికమైనవి, పుట్టుకవల్ల వచ్చినవి అని నాలుగుగా విభజించాడు. వచ్చిన కారణాన్ని బట్టి తర్వాతి జీవితాన్ని నిర్ణయించలేమని కూడా అతడు తేల్చాడు. మెదకు గ్రంథాలను చదివిన తర్వాత ఈ మాట మరింత బలపడుతుంది.

రెండవ గ్రంథం పేరులోనే క్షీణత, పునరుజ్జీవనం అన్న రెండు మాటలు ఉన్నవి. పాత సంఘాలు కొన్నిచోట్ల చిక్కిపోయినవి. మరికొన్ని చోట్ల స్వతంత్ర ప్రార్థనా మందిరాలు లేచినవి. వీటికి వచ్చేవారు ఎక్కువగా చెప్పే కారణం స్వస్థత. బిడ్డ జ్వరం తగ్గినది, దయ్యం వదిలినది, భర్త తాగుడు మానినాడు. చదువుకున్నవారు ఇట్టి మాటలు విని నవ్వవచ్చు. కాని ఆసుపత్రి దూరమై, అప్పు దగ్గరై ఉన్న ఇంటిలో ఆ తల్లికి మతమంటే ముందుగా ఈ ప్రశ్నే. రచయితలు ఆమెను నవ్వులపాలు చేయలేదు.

ఇక లోపాలు చూద్దాము. మొదటిది, అడిగినవారు సంఘంవారే. సంఘం విడిచినవాడు సంఘపు మనిషికి చెప్పే కారణం, తన తోటివానికి చెప్పే కారణం ఒకటిగా ఉండవు. రెండవది మరింత ముఖ్యమైనది. "క్షీణత" అన్న ఒక్క మాట కింద మూడు వేరువేరు సంగతులు కలిసిపోతున్నవి. పాత సంఘం విడిచి కొత్త మందిరానికి పోవడం ఒకటి. పెండ్లి సంబంధం వల్లనో, పండుగ వల్లనో మెల్లగా పాత ఆచారంలోకి జారిపోవడం ఇంకొకటి. మనసు మారకుండా కాగితం మీద మాత్రం మారడం మూడవది.

ఈ మూడవదానిని వివరించక తప్పదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే పరిమితం చేసినది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు, ముస్లిములు నేటికీ బయటనే ఉన్నారు. క్రైస్తవులైన షెడ్యూల్డు కులాలవారికి మన రాష్ట్రంలో బి.సి.–సి కింద దొరికేది 1 శాతం మాత్రమే. కనుక ఆదివారం ప్రార్థనకు పోయే కుటుంబం కూడా బడిలో పిల్లవాని పేరు వ్రాయించేటప్పుడు హిందువు అనే వ్రాయిస్తుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1971 జనగణన ప్రకారం క్రైస్తవులు 4.19 శాతం, 18 లక్షలకు పైగా, 2011లో 1.34 శాతం, 11 లక్షల చిల్లర. నలభై ఏండ్లలో ఇంతమంది విశ్వాసం విడిచారా? అదే కాలంలో ప్రార్థనా మందిరాలు పెరగడం అందరూ చూచినదే. ఈ అంకెలలో ఎంత భాగం విశ్వాసానిదో, ఎంత భాగం సర్టిఫికెట్టుదో విడదీయకుండా "పోక"ను గురించి మాట్లాడడం పొరపాటు. రిజర్వేషను కోసమే మతం మార్చుకున్నట్లు చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసగించడమేనని 2024 నవంబరులో సుప్రీంకోర్టు అన్నది. న్యాయస్థానం తన పరిధిలో తాను మాట్లాడినది. కాని రెండు పేర్లతో బ్రతకవలసిన అవసరాన్ని ఆ కుటుంబానికి కల్పించినది ఎవరన్న ప్రశ్న అట్లనే మిగిలిపోయినది.

ఈ విషయం క్రైస్తవులకే పరిమితం కాదు. 1981లో తమిళనాడులోని మీనాక్షీపురం దళితులు ఇస్లాం స్వీకరించినప్పుడు కూడా "గల్ఫు డబ్బు" అన్న జవాబు ముందే సిద్ధంగా ఉండినది. అక్కడి కులవివక్ష కథ తర్వాతనే వినబడినది. బీదవాడు మారితే అమ్ముడుపోయాడని, ధనికుడు మారితే ఆలోచించి మారాడని అనడం మన లోకరీతి. ఉద్దేశాన్ని నిరూపించుకొనే భారం ఎప్పుడూ బీదవాని మీదనే పడుతున్నది. ఈ అన్యాయాన్ని రచయితలు గుర్తించినా, దానిని సూటిగా నిలదీయలేదు.

మా జహీరాబాదు వైపు నుండి చూచినప్పుడు ఇంకొక కొరత కనబడుతుంది. పాత మెదకు జిల్లాకు తూర్పున బ్రిటిష్ వెస్లియన్లు పనిచేయగా, బీదరు, జహీరాబాదు వైపు అమెరికా మెథడిస్టులు పనిచేశారు. ఆ సంఘం 1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘంలో చేరలేదు. 1981లో మెథడిస్ట్ చర్చ్ ఇన్ ఇండియాగా స్వతంత్రమైనది. ఇక్కడి పల్లెలలో తెలుగు, కన్నడం, ఉర్దూ మూడూ వినబడతవి. జబ్బుపడ్డ బిడ్డను ఎత్తుకొన్న తల్లి ముందు గుడి, దర్గా, ప్రార్థనాకూటం మూడు తలుపులూ తెరిచి ఉంటవి. జంగరాయి ప్రాంతంలో తేలిన సంగతులను ఇక్కడికి ఉన్నవున్నట్లు తెచ్చి అతికించడానికి వీలులేదు.

ఎన్ని లోపాలు ఉన్నా ఈ రెండు గ్రంథాలూ తప్పక చదవదగినవి. రాకకు ఒక కారణం, పోకకు ఒక కారణం వెదకేవారికి ఇవి నిరాశ కలిగిస్తవి. ఎందుకంటే వీటిలోని మనుష్యులు ఒక్కసారి వచ్చి ఉండిపోయినవారు కారు, ఒక్కసారి పోయి మరచినవారూ కారు. రేపు ఈ పనికి పూనుకొనేవారు వచ్చినవారిని అడిగినంత శ్రద్ధతో విడిచినవారినీ అడగాలి. కాగితం మీది మతాన్ని, ఇంటిలోని ప్రార్థనను వేరువేరుగా వ్రాసుకోవాలి. ముఖ్యంగా స్త్రీలను అడగాలి. బిడ్డను ఎత్తుకొని ఏ తలుపు తట్టాలో నిర్ణయించేది వారే.